పిలుపుకి ఓనరమ్మ, కాగితంలో ఎవరమ్మా?

ఈమధ్య ఫోను తెరిస్తే చాలు, కోటు వేసుకున్న కుర్రాడొకడు ప్రత్యక్షమై మనందర్నీ ఇంటి ఓనర్లని చేసేస్తానంటున్నాడు. ఒక ఫ్లాట్ కొనండి, అద్దెకివ్వండి, ఈఎంఐ సంగతి అద్దె చూసుకుంటుంది, ఇరవై ఏళ్ళకి ఫ్లాట్ మీ సొంతం అంటాడు. మీరు పడుకున్నా డబ్బు వస్తూనే ఉంటుందట. దీనికి వాళ్ళు పెట్టిన పేరు పాసివ్ ఇన్‌కమ్. చెయ్యి కదపకుండా వచ్చే రాబడి అన్నమాట.

ఇంట్లో మగవాళ్ళు ఆ వీడియో చూస్తారు. ఆదివారం పొద్దున్నే ఫ్లాట్లు చూడ్డానికి బయల్దేరతారు. మనల్నీ వెంటబెట్టుకెళ్తారు. వంటగదిలో గాలి ఆడుతుందా, యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పడుతుందా అన్నది మనమే చెప్పాలి కదా! ధర ఎంత, అప్పు ఎంత, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద అన్న మాటలు వచ్చేసరికి మాత్రం మనం కారెక్కి కూర్చుని ఉంటాం.

నేను చెప్పదలుచుకున్నవి రెండే మాటలు. ఒకటి, అద్దె చెయ్యి కదపకుండా రాదు. కదిలే చెయ్యి ఎవరిదో లోకానికి కనబడదు, అంతే. రెండు, ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళ పేరు దస్తావేజులో లేకుండా అద్దె కోసం ఇల్లు కొనడానికి ఏ ఇల్లాలూ తలూపకూడదు. గొడవ పెట్టుకోమని నేను చెప్పడం లేదు, లెక్క అడగమంటున్నాను.

మా బేగంపేట వైపు అద్దె ఇళ్ళకీ కరువు లేదు, అద్దెకొచ్చేవాళ్ళకీ కరువు లేదు. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులు నేర్చుకోడానికి రెండు రాష్ట్రాల నుంచీ వచ్చే పిల్లలు, పంజాగుట్ట నిమ్స్‌లో పనిచేసేవాళ్ళు, రోగుల వెంట వచ్చి నెలా రెండు నెలలు ఉండిపోయే బంధువులు, అమీర్‌పేటలో మెట్రో మారి హైటెక్ సిటీకి పోయే ఉద్యోగులు. ప్రకాష్‌నగర్ నుంచి ఎస్.ఆర్.నగర్ దాకా ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక గేటుకి టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. ఆ బోర్డు మీద నంబరుకి ఫోన్ చేసి చూడండి. చాలాసార్లు ఎత్తేది ఆడగొంతే. "ఎంతమంది ఉంటారు, ఏం చేస్తారు, సాయంత్రం నాలుగింటికి రండి" అని చెప్పేది ఆవిడే.

ఆవిడ రోజు ఎలా గడుస్తుందో ఆ కోటు కుర్రాడికి తెలియదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే బ్రోకర్ ఎవరినో తీసుకొస్తాడు. తాళంచెవి పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాలి. వాళ్ళు ఏడు ప్రశ్నలు వేసి, మళ్ళీ చెప్తామని వెళ్ళిపోతారు. చేరినవాళ్ళ ఆధార్ కాపీ తీసుకోవాలి, అగ్రిమెంట్ రాయించాలి, పోలీస్ వెరిఫికేషన్ సంగతి గుర్తు చెయ్యాలి. అయిదో తారీఖు దాటాక "బాబూ, అద్దె ఇంకా పడలేదు" అని నొప్పించకుండా మెసేజ్ పెట్టాలి. గీజర్ పనిచేయదు. ప్లంబర్ పదింటికని మూడింటికి వస్తాడు. ఏప్రిల్ వస్తే బోరు అడుగంటుతుంది, ట్యాంకర్ డబ్బులు ఎవరెంత అన్న పంచాయతీ. పై ఫ్లాట్ బాత్‌రూమ్ నుంచి కింద గోడకి చెమ్మ, దాని మీద ఆరు నెలల రాయబారం. ఖాళీ చేసేరోజు అడ్వాన్సులో పెయింటింగ్‌కి ఎంత కోసుకోవాలన్న దగ్గర మాటా మాటా. ఆ మాట పడేదీ ఇల్లాలే. "అంకుల్ మంచివాళ్ళే, ఆంటీయే కొంచెం" అన్న పేరు కూడా ఆవిడకే వస్తుంది.

దీన్నంతా కలిపి పాసివ్ అన్నారు. ఆఫీసుకి వెళ్ళినాయనకి అది పాసివే. నెల తిరిగేసరికి ఆయన ఖాతాలో డబ్బు పడుతుంది. ఆయన చెయ్యి నిజంగానే కదల్లేదు.

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ అయిదు గంటల పక్కనే ఇంకో ఇంటి పని వచ్చి చేరుతుంది, అది అద్దె ఇంటి పని. దున్నేవాడిదే భూమి అన్న నినాదం పుట్టి పెరిగిన నేల మనది. పొలం విషయంలో అంత స్పష్టంగా అర్థమైన న్యాయం ఫ్లాట్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు మసకబారుతుంది?

ఇప్పుడు డబ్బు లెక్కకి వద్దాం. పెన్నూ కాగితం తీసుకోండి, నేను వేసినట్టే మీరూ వెయ్యండి. మీ అంకెలు వేరైతే మీవే వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మన వైపు ఒక పాత అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 80 లక్షలు అనుకుందాం. రిజిస్ట్రేషన్‌కి సుమారు ఏడున్నర శాతం, అంటే 6 లక్షలు. రంగులు, బాత్‌రూమ్ రిపేర్లు, అల్మారాలకి 2 లక్షలు. మొత్తం 88 లక్షలు. ఇందులో 60 లక్షలు బ్యాంకు అప్పు, 28 లక్షలు చేతి డబ్బు అనుకుందాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళ అప్పయితే ఈఎంఐ నెలకి సుమారు 52,000 రూపాయలు. ఏడాదికి 6,24,000.

అద్దె 24,000 అనుకుందాం. ఏడాదికి ఒక నెలైనా ఖాళీ ఉంటుందని వేసుకోవాలి, ఉండకపోతే సంతోషం. పదకొండు నెలలకి 2,64,000. ఇందులోంచి ఇంటి పన్ను, ఖాళీ నెల మెయింటెనెన్స్, బ్రోకర్ కమీషన్, రిపేర్లు కలిపి 34,000 తీసెయ్యండి. మిగిలేది 2,30,000. పెట్టిన 88 లక్షల మీద ఇది మూడు శాతం కూడా కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకు రెట్టింపు ఇస్తుంది, గీజర్ పాడవదు.

ఈఎంఐకి కావాల్సింది 6,24,000, అద్దె తెచ్చింది 2,30,000. తేడా 3,94,000. నెలకి దాదాపు 33,000 రూపాయలు. మొదటి ఏడాది బ్యాంకుకి కట్టే వడ్డీయే అయిదు లక్షలు దాటుతుంది, అద్దె దానికీ చాలదు. ఈఎంఐని అద్దే కట్టుకుంటుందన్న మాట ఎంత నిజమో చూశారా?

సరే, ఆ 33,000 ఎక్కడి నుంచి వస్తుంది? జీతంలోంచి అంటారు. జీతం పెరగలేదు కదా! పనిమనిషిని మాన్పించడంలోంచి వస్తుంది. పిల్ల డాన్సు క్లాసు ఆపడంలోంచి, ఈ ఏడాది పుట్టింటికి వెళ్ళకపోవడంలోంచి, వారానికి తెచ్చే పళ్ళు పది రోజులకి సర్దడంలోంచి వస్తుంది. పుస్తెలతాడు ఒక్కటి ఉంచుకుని మిగతా బంగారం బ్యాంకులో పెట్టడంలోంచి వస్తుంది. ఆ కోతలన్నీ ఎవరి చేతి మీదుగా జరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అద్దె తెచ్చేది ఆవిడ, అద్దెకి చాలని డబ్బు మిగిల్చేదీ ఆవిడే. సంతకం ఒక్కటి ఆయనది.

"ధర పెరుగుతుంది కదా" అంటారు వెంటనే. పెరగవచ్చు. ఫ్లాట్‌లో పెరిగేది ముఖ్యంగా దాని కింది నేల ధర, అంటే మీ వాటాకొచ్చే గజాల ధర. గోడలు పాతబడుతూనే ఉంటాయి. కాబట్టి ఎన్ని చదరపు అడుగులని అడిగినట్టే, అవిభక్త వాటా ఎన్ని గజాలని కూడా అడగండి. ఇంకో సంగతి, ఆ పెరిగిన ధర ఎవరిది? అమ్మినరోజు చెక్కు ఎవరి పేరున రాస్తారు? ఇరవై ఏళ్ళు ప్లంబర్లతో పడినావిడ పేరునైతే రాయరు.

ఇక్కడికొచ్చేసరికి మనవాళ్ళే మనకి అడ్డం పడతారు. "పేరులో ఏముందమ్మా, ఆయనదంటే నాది కాదా, మేమిద్దరం వేరా" అని. ఆ మాట ప్రేమతో అనేదే. నేను కాదనను. చట్టానికి మాత్రం ప్రేమ తెలియదు, పేరే తెలుసు.

హిందూ కుటుంబంలో భర్త పేరు మీదే ఇల్లుండి, వీలునామా రాయకుండా ఆయన పోతే, ఆ ఇల్లు భార్యకి, పిల్లలకి, ఆయన తల్లికి సమాన వాటాలుగా పోతుంది. అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటే మీ వాటా నాలుగో వంతు. పిల్లలు మైనర్లయితే వాళ్ళ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. అత్తగారు ఎంత మంచావిడైనా, రేపు ఆవిడ వాటాకి ఆవిడ మిగతా పిల్లలూ వారసులే. ఎవరూ చెడ్డవాళ్ళు కాకపోయినా ఆ ఇంటి అద్దె మీద మీ చెయ్యి బిగుసుకుపోతుంది. నామినీగా నా పేరుందిలే అని ధైర్యపడేవాళ్ళున్నారు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, వారసురాలని అర్థం కాదు. మిగతా మతాలవాళ్ళకి వాటాల లెక్క వేరుగా ఉంటుంది. అదెంతో ముందే తెలుసుకోవాలన్నది మాత్రం అందరికీ ఒకటే.

ఇంతకంటే నాకు మంట పుట్టించే సంగతి ఇంకొకటుంది. బ్యాంకు వాళ్ళు చాలాసార్లు భార్యని సహ దరఖాస్తుదారుగా చేర్చుకుంటారు. ముప్పై నలభై చోట్ల సంతకాలు పెట్టిస్తారు. ఆయన కట్టలేకపోతే ఆ అప్పు మీరు కట్టాలని వాటి అర్థం. అప్పు కాగితాల్లో పేరున్నంత మాత్రాన దస్తావేజులో పేరున్నట్టు కాదు. రెండూ వేర్వేరు కాగితాలు. కాబట్టి అప్పులో సగం మనదీ ఆస్తిలో సున్నా మనదీ అయిన ఇళ్ళు ఈ ఊళ్ళో లేవనుకోకండి. ఈ రోజే మీ ఇంటి బీరువాలో సేల్ డీడ్ తీసి, కొనుగోలుదారు అన్న చోట ఎవరి పేరుందో చదవండి. మనం తెలుగు చదవగలం, ఇంగ్లీషూ చదవగలం. చదవలేదంటే ఎవరూ చదవనివ్వక కాదు, చదవాలని మనకి తట్టక.

"సంపాదించేది ఆయన కదా" అన్నది రెండో అడ్డు. పైన వేసిన లెక్కే దీనికి జవాబు. అది చాలదంటే కోర్టు మాట వినండి. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక కేసు తేల్చింది. భర్త సౌదీలో ఉద్యోగం చేస్తూ డబ్బు పంపేవాడు. భార్య ఇక్కడ పిల్లల్ని పెంచుతూ, ఇల్లు చూసుకుంటూ ఆ డబ్బుతో ఆస్తులు కొంది. ఆయన తిరిగొచ్చాక అవన్నీ నావేనన్నాడు. ఆమె ఇల్లు చూసుకోబట్టే ఆయన నిశ్చింతగా సంపాదించగలిగాడు, కాబట్టి అలా కొన్న ఆస్తిలో ఆమెకీ సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. ఇంటి పనిని కంట్రిబ్యూషన్‌గా లెక్కపెట్టిన తీర్పు అది. అయితే అది మద్రాసు హైకోర్టుది, మన రాష్ట్రంలో కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు. పైగా అలాంటి తీర్పు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో పది నిమిషాల్లో అయ్యే పనికి కోర్టులో సగం జీవితం పెట్టడం దేనికి?

2024 జూలై 10న సుప్రీంకోర్టు, మన తెలంగాణ నుంచే వెళ్ళిన ఒక మనోవర్తి కేసులో తీర్పిచ్చింది. అందులో జస్టిస్ నాగరత్న సొంత సంపాదన లేని గృహిణుల గురించి ప్రత్యేకంగా రాశారు. భర్త తన ఆర్థిక వనరులు భార్యకి అందుబాటులో ఉంచాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు లాంటివి అందుకు మార్గమని అన్నారు. దేశంలో పెద్ద కోర్టు ఏటీఎం కార్డు గురించి రాయాల్సి వచ్చిందంటే, ఇళ్ళల్లో సంగతి ఎలా ఉందో ఆలోచించండి.

మూడో అడ్డు ఆదాయపు పన్ను. "నీ పేరు మీద కొంటే టాక్స్ ఇబ్బంది" అంటారు. ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. భర్త డబ్బుతో భార్య పేరు మీద ఇల్లు కొంటే, ఆ అద్దెని పన్ను లెక్కలో భర్త ఆదాయంలోనే కలుపుతారు. అంటే పన్ను మిగలదు, అలాగని పెరగదు కూడా. ఆయన పేరున ఉంటే ఎంత కట్టేవారో ఇప్పుడూ అంతే. ఇల్లు మాత్రం మీదే. లెక్కల్లో చూపిన సొంత డబ్బుతో భర్త భార్య పేరున కొంటే అది బినామీ కూడా కాదు, చట్టమే మినహాయింపు ఇచ్చింది. హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ స్త్రీ పేరున ఉన్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు. కాబట్టి టాక్స్ అన్నమాట వినబడితే భయపడి లేచిపోకండి. ఎంత తేడా వస్తుందో అంకె చెప్పమనండి.

మీ సొంత డబ్బు కలిస్తే ఇంకా బలం. పుట్టింటివాళ్ళిచ్చిన పొలం అమ్మిన డబ్బు, బంగారం అమ్మిన డబ్బు, అమ్మ మీ పేర వేసిన డిపాజిట్. ఇవి చాలా ఇళ్ళల్లో డౌన్ పేమెంట్ అనే బావిలో పడి ఆనవాలు లేకుండా పోతాయి. అలా పోనివ్వకండి. ముందు మీ బ్యాంకు ఖాతాలో వేసుకోండి, అక్కడి నుంచి అమ్మేవాళ్ళకి మీ చెక్కుగా వెళ్ళాలి, ఆ చెక్కు నంబరు దస్తావేజులో ఎక్కాలి. అప్పుడు ఆ వాటా అద్దె పన్ను లెక్కలో కూడా మీదే. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా దేశమంతటికీ 2005లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళికాని కూతుళ్ళకి ఇరవై ఏళ్ళ ముందే, 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలోనే వచ్చింది. చట్టం అంత ముందు నడిస్తే, మనం పుట్టింటి వాటా అన్నయ్యకి వదిలేసి, వచ్చిన కాస్తా ఆయన ఫ్లాట్‌లో కలిపేసి, ఖాళీ చేతులతో తిరుగుతున్నాం.

అయితే అసలు అద్దె ఇల్లే కొనొద్దా? కొనండి. చిన్నగా మొదలుపెట్టండి.

అదే 28 లక్షలు చేతిలో ఉంటే, 80 లక్షల ఫ్లాట్ కాకుండా 40 లక్షల సింగిల్ బెడ్‌రూమ్ చూడండి. రిజిస్ట్రేషన్ 3 లక్షలు, అప్పు 15 లక్షలు. ఈఎంఐ నెలకి 13,000 చిల్లర. అద్దె 13,500 వస్తే, ఒక నెల ఖాళీ, 20,000 ఖర్చులూ పోను ఏడాదికి 1,28,500 మిగులుతుంది. ఈఎంఐకి తక్కువపడేది నెలకి రెండువేల మూడొందలు. ఇది ఇల్లు మోయగల బరువు. మొదటిది గొంతుకి ఉరి. సొంత ఇల్లున్నవాళ్ళయితే పైన ఒక గది, వంటగది వేసుకుని అద్దెకివ్వడం ఇంకా సులువు, స్థలం ఖర్చే ఉండదు. ప్లాను అనుమతి ఉందా లేదా చూసుకుంటే చాలు.

కొనేముందు చూడాల్సినవి త్వరగా చెప్పేస్తాను. ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఒక లాయర్‌కి చూపించాలి, అమ్మేవాళ్ళు చెప్పిన లాయర్‌కి కాదు. కొత్త ప్రాజెక్టు 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటితే రెరా నంబరు ఉండి తీరాలి. ప్రీ-లాంచ్ అని, రెరా వచ్చాక రేటు పెరుగుతుందని తొందరపెడితే ఆ తొందరే మీకు హెచ్చరిక. అలా కట్టి ఏళ్ళ తరబడి పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. బిల్డరే నెలనెలా గ్యారంటీ అద్దె ఇస్తానంటే, మీ డబ్బే మీకు వాయిదాల్లో తిరిగిస్తున్నాడేమో అనుమానించండి. చెరువు ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫర్‌లో గానీ ఉందేమో చూడకపోతే ఏమవుతుందో 2024లో హైడ్రా వచ్చాక అందరం టీవీల్లో చూశాం. ఇల్లు చూడాల్సింది జనవరిలో కాదు, ఆగస్టులో. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి మా బేగంపేట నాలా పక్క ఇళ్ళల్లోకి నీళ్ళు ఎలా వచ్చాయో పాతవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెప్తారు. గ్రౌండ్ ఫ్లోర్ చవకగా వస్తోందంటే గోడ మీద నీటి చార చూడండి.

ఒక్కరి మీదే ఆధారపడే అద్దె వద్దు. అమీర్‌పేటలో బిల్డింగు మొత్తం హాస్టల్‌కి ఇచ్చేస్తే ఒక్క చెక్కుతో పని అయిపోతుందని ఆశపడ్డవాళ్ళున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టళ్ళు ఖాళీ చెయ్యమనడంతో పిల్లలు పెట్టెలు పట్టుకుని ఊరెళ్ళడానికి పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. అనుమతి కాగితాలతో బయల్దేరినవాళ్ళని కూడా ఆంధ్రా సరిహద్దులో ఆపేశారు. కోచింగులు ఆన్‌లైన్ అయిపోయాయి. నెలల తరబడి ఆ సందుల్లో దీపాలు లేవు. పిల్లల అవస్థ ముందు ఓనర్ల అవస్థ చిన్నదే గానీ, ఈఎంఐ మాత్రం లాక్‌డౌన్‌ని చూసి ఆగిపోలేదు. వాయిదా ఇచ్చినా వడ్డీ పెరుగుతూనే పోయింది. అందుకే ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకోకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు.

ఇక పేరు సంగతి. ఇద్దరి పేర్లా కొంటే దస్తావేజులో ఎవరి వాటా ఎంతో రాయించండి. అద్దె అగ్రిమెంట్ మీ పేరున ఉండాలి. ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి మనవాళ్ళు పదకొండు నెలలకి రాస్తారు, దాని మీద ఓనర్ అన్న చోట మీ సంతకం ఉండాలి. అద్దె మీ ఖాతాలో పడాలి. అందులోంచి ఈఎంఐకి మీరే పంపండి, ఏమీ నష్టం లేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కించండి. మీరూ ఒక వీలునామా రాసుకోండి. పిల్లల్లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, ఆమె కష్టార్జితం భర్తకి, ఆయనా లేకపోతే ఆయన వైపు వారసులకి పోతుంది. కన్నతల్లి వంతు ఆ తర్వాతే.

పేరొస్తే బాధ్యత కూడా వస్తుంది. ఒంటరి ఆడపిల్లకి ఇల్లివ్వం, ఫలానా కులం ఫలానా మతం వాళ్ళకివ్వం అన్న మాటలు టులెట్ బోర్డుల వెనక ఇప్పటికీ వినిపిస్తున్నాయి. వాటిని పలికే గొంతు కూడా తరచు ఆడవాళ్ళదే కావడం నాకు సిగ్గుగా ఉంటుంది. "మా ఆయన ఒప్పుకోరండీ" అని ఇన్నాళ్ళూ తప్పించుకున్నాం. ఓనర్ మనమే అయినరోజు ఆ సాకు ఉండదు. ఉద్యోగం కోసం ఊరు దాటి వచ్చిన పిల్లకి తలుపు తియ్యడమా మూయడమా అన్నది మన చేతిలో ఉంటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్ళకి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోవద్దంది. మన రాష్ట్రం దాన్ని పాటించమన్నా అనకపోయినా మనం పాటించవచ్చు. వెళ్ళేరోజు ఆ డబ్బు గీచిగీచి కొయ్యకుండా తిరిగివ్వనూవచ్చు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టేవాడి కష్టం అందులో ఉంది. కట్టాక ఆ ఇంటిని నిలబెట్టేదాని కష్టం మీద సామెత పుట్టలేదు. పుట్టకపోతే పోనీ. మనకి కావలసింది సామెత కాదు, కొనుగోలుదారు అన్న చోట ఒక పేరు. ఈ ఆదివారం ఫ్లాట్ చూడ్డానికి రమ్మంటే వెళ్ళండి. వంటగది చూడండి, బాగుందో లేదో చెప్పండి. ఆ తర్వాత కారెక్కకుండా అక్కడే నిలబడి ధర, అప్పు, పేరు, మూడూ అడగండి.